పరిశ్రమకు సిద్ధమైన కంఠములు

ఆధునిక సంగీత పరిశ్రమకు విద్యార్థులను సిద్ధపరచెదమను కోర్సులు మన భాగ్యనగరమున వెలసిన నాటినుండియు, సంగీతము నేర్చుట యను పురాతన వ్యాధి క్రమముగా నయమగుచున్నది. తొమ్మిది మాసములలో స్వరకర్తను ప్రసవింతుమని వారి వాగ్దానము. మాతృగర్భమునకైనను అంతకాలము పట్టును గనుక దీనిని మనము ఆక్షేపింపరాదు. సరళీవరుసలకు కొలది దినములు. శ్రుతి కుదరనిచో ఆటోట్యూన్ కలదు. తక్కిన కాలమంతయు పర్సనల్ బ్రాండునకును, రీలునకును, మైకు ముందు కన్నులు మూసి హెడ్‌ఫోనుపై చేయి యుంచు భంగిమకును వినియోగము.

1919లో విజయనగరమున సంగీత కళాశాల తెరచి, ఆదిభట్ల నారాయణదాసుగారిని దాని పీఠమున కూర్చుండబెట్టిన పెద్దలకు ఈ వివేకము లేకపోయెను. పిమ్మట అచట చేరిన ఘంటసాల వేంకటేశ్వరరావను పిల్లవాడు జోలె పట్టి, మధూకరము చేసికొని చదివెను. పట్రాయని సీతారామశాస్త్రిగారు వానికి స్వరజ్ఞానము నిచ్చిరే కాని, ప్లేస్‌మెంటు మాట తలపెట్టినవారు కారు. పాపము, మద్రాసులో గడపగడపకు తిరుగవలసి వచ్చెను. నేటి కోర్సులో చేరియుండినచో ఆ శ్రమ యంతయు తప్పి, హాయిగా అనామకుడై యుండెడివాడు.

ఇన్ని నేర్పువారు కాగితము చదువుట మాత్రము నేర్పరు. 2012లో కాపీరైటు చట్టమును సవరించి, సినిమా పాటను సినిమా హాలు వెలుపల వాడుకొన్నపుడు వచ్చు రాయల్టీలో గీతరచయితకును స్వరకర్తకును సమానభాగ ముండవలెననియు, దానిని వారు వదులుకొంటిమని వ్రాసియిచ్చినను చెల్లదనియు శాసించిరి. గాయకునకును వేరుగ హక్కు నిచ్చిరి. ట్రాక్ పాడి, తన గొంతు చెరిపి వేరొకరి గొంతు పెట్టిన పిమ్మట ఆటో ఖర్చుతో ఇల్లు చేరు పిల్లవానికి ఈ సంగతి చెప్పువారెవరు? చదువ నేర్పినచో వాడు మొట్టమొదట తమ ఫీజు రసీదు వెనుకనున్న చిన్న అక్షరములనే చదువునని శంక కాబోలు!

ఇంతకును ఆ పరిశ్రమ యెచ్చట కలదు? శంషాబాదు దాటి కొత్తూరు వైపు బెంగుళూరు రహదారి వెంట, పెండ్లి ముహూర్తముల రాత్రి పోయి చూడుడు. ఫంక్షన్ హాలు ముందు వరుడు గుఱ్ఱమెక్కగనే, అతని మేనమామ యెత్తుకొన్న పాటను, ఆయన యెత్తుకొన్న తప్పు శ్రుతిలోనే, బ్యాండు మాస్టరు క్షణములో పట్టుకొనును. పదిగంటలకు లౌడుస్పీకరు కట్టవలెనని నిబంధన. అది తెలిసిన డీజే, పెండ్లివారి ఉత్సాహమునంతను ఆలోపలనే పిండవలెను. ఈ విద్యకు సర్టిఫికెట్టు లేదు, డబ్బు మాత్రము రాత్రికి రాత్రి చేతికందును.

ఆ గుంపులోనికి మన పట్టభద్రు నొకనిని పంపినచో, మానిటరు ఏది, ఆటోట్యూన్ ఏది, తన ఎంట్రీకి పొగ యెప్పుడు వదలుదురని అడుగును. బ్యాండు మాస్టరు క్లారినెట్టు నోటినుండి తీసి, వానిని ఆపాదమస్తకము పరికించి, "గవన్నీ తర్వాత సూద్దాం గని తమ్మీ, జర గీ వైరు పట్టుకో" యనును.