కాటా పిన్ని

పెళ్ళికి పురోహితుడు, వంటవాడు, ఫొటోగ్రాఫరు ఎంత తప్పనిసరో కాటా పిన్నీ అంతే. వాళ్ళు ముగ్గురూ డబ్బు తీసుకుంటారు. ఈవిడది ఉచిత సేవ.

మండపం గుమ్మానికి ఎదురుగా, ఫ్యాను గాలి తగిలే కుర్చీ ఈవిడది. పన్నీరు చల్లించుకుని లోపలికి వచ్చిన ప్రతి బంధువూ ముందు ఈవిడ చూపు దాటాలి. 19వ శతాబ్దంలో బెల్జియం గణితవేత్త క్వెటెలెట్, జనాభా సగటు లెక్కల కోసం ఎత్తుకూ బరువుకూ ముడిపెట్టి ఒక సూత్రం కట్టాడు. ఇవాళ డాక్టర్లు చెప్పే బీఎంఐ అదే. దానికి ఎత్తూ తెలియాలి, బరువూ తెలియాలి. పిన్నికి అవేవీ అక్కర్లేదు. మీరు చెప్పులు విడిచేలోపే ఫలితం వచ్చేస్తుంది.

"ఏమే, ఇంత ఒళ్ళొచ్చిందేంటే?"

పోనీ తగ్గి వెళ్తే? "అయ్యో, అలా పీక్కుపోయావేంటే! షుగరేమన్నా వచ్చిందా?"

కొత్తగా పెళ్ళయిన కుర్రాడు చిక్కితే పెళ్ళాం సరిగ్గా పెట్టడం లేదు. ఒళ్ళు చేస్తే పెళ్ళాం మరీ ఎక్కువ పెడుతోంది. ఎటు తిరిగినా నేరం ఆ పిల్లదే. ఈ రెంటి మధ్యా "సరిగ్గా ఉన్నావు" అనే బరువొకటి ఉండాలి కదా! పిన్ని ముల్లు దాని మీద ఆగిన దాఖలా ఇంతవరకూ లేదు.

భోజనాల దగ్గర ఇంకో విడ్డూరం. "కాస్త తగ్గాలే అమ్మాయ్" అన్న నోటితోనే, "ఈ పిల్లకి ఇంకో రెండు పూర్ణాలు వెయ్యవయ్యా, గుంట చేసి నెయ్యి పొయ్యి" అని కేకేస్తుంది. వద్దన్నామో, "చూశారా, డైటింగులట!" అని బంతిలో అందరికీ ఫిర్యాదు.

బరువుతో సరిపెట్టుకునే మనిషి కాదు, రంగూ చూస్తుంది. పురిటిగదిలో పసిగుడ్డు చెవి అంచులు పరీక్షించి, "ఇప్పుడు ఎర్రగా ఉన్నాడు గానీ, ముందుముందు రంగు తగ్గుతాడు" అని జోస్యం చెబుతుంది. నెల తప్పిన కోడళ్ళకి కుంకుమపువ్వు పాలు పురమాయించేదీ ఈవిడే. "రంగు తల్లిదండ్రుల జన్యువుల్ని బట్టీ ఒంట్లో మెలనిన్‌ని బట్టీ ఉంటుంది అమ్మమ్మా" అని మెడిసిన్ చదివే మనవరాలు వివరిస్తే, "అయితే అదీ తెచ్చి పాలలో కలపండి" అంది.

1975లో బజారుకొచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో "ఫెయిర్" తీసేసి గ్లో అండ్ లవ్లీ అయింది. కంపెనీకి బిడియం కలిగింది గానీ పిన్నికి కలగలేదు, ఇప్పటికీ పాత పేరుతోనే తెమ్మంటుంది. పొద్దున్నే దణ్ణం పెట్టుకునేది నీలమేఘశ్యాముడికి. మేనల్లుడికి వెతికేది తెల్లటి పిల్లని.

ఇంతకీ ఈవిడ ఫొటో ఒక్కటి చూపించండి! ఏ ఆల్బం తిరగేసినా ఎవరి భుజం వెనకో సగం మొహం, మిగతా సగానికి కొంగు. రమ్మంటే, "ఈ మొహానికి ఫొటో కూడానా" అంటుంది. పెళ్ళిచూపుల్లో ఈవిడని నడిపించి చూశారు, జడ విప్పించి చూశారు, వెలుతురులోకి పిలిచి చూశారు. "పిల్ల ఛాయ తక్కువ" అని కట్నం మరికాస్త పెంచి మరీ ఒప్పుకున్నారు. ఆ తూకంరాళ్ళు ఈవిడ పారేయలేదు. ఊళ్ళోవాళ్ళ కన్నా ముందు, రోజూ అద్దంలో తననే వాటితో తూచుకుంటుంది.

అయితే ఈ కాటా నడవాలంటే మన సంజాయిషీ కావాలి. "హాస్టల్ తిండి పిన్నీ", "థైరాయిడ్ పిన్నీ", "ఎండల్లో తిరిగాను పిన్నీ" అన్నామంటే చాలు, మరో అరగంట లాగించేస్తుంది.

మొన్న ఒక పెళ్ళిలో ఆవిడ అక్క కూతురు ఆ సంజాయిషీ ఇవ్వలేదు.

"ఒళ్ళొచ్చిందే!" అంది పిన్ని.

"అవును పిన్నీ, వచ్చింది" అని పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

పిన్నికి తర్వాతి మాట తోచలేదు. కాసేపు తడుముకుని, "జిమ్ముకి..." అంది.

"వెళ్ళడం లేదు. ఈ జాకెట్టు కొత్తగా నా కొలతలకి కుట్టించుకున్నా, బాగుందా?"

"నప్పింది" అంది పిన్ని, తనకే తెలియకుండా. మళ్ళీ కాసేపు ఆగి, "ఇంతకీ నువ్వు చేసే ఉద్యోగం ఏమిటే?" అని అడిగింది.

ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరి మూడేళ్ళయింది. పిన్ని ఆ మాట అడగడం ఇదే మొదలు.