రీప్లేస్ నొక్కిన వేలు

ఇంటిల్లిపాది ఫొటోలూ ఒకేచోట ఉండాలనుకోవడం మంచి కోరికే. ఆ చోటికి నేనొక్కణ్ణే అధిపతిని కావాలనుకున్నానే, అదీ కొంప ముంచింది. మీకు చెప్పుకుంటే తప్పేముంది? రౌటర్ పాస్‌వర్డ్ తనకొక్కడికే తెలుసని లోలోపల మురిసిపోయే మనిషి ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడు. మా ఇంట్లో వాణ్ణి నేను.

2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫొటోస్‌లో ఎన్నంటే అన్ని ఉచితంగా దాచుకునే వెసులుబాటు పోయింది. 15 జీబీ దాటితే డబ్బు కట్టాలి. నెలనెలా ఆ కాస్తా కట్టేస్తే సరిపోయేది. నాకేమో పౌరుషం పొడుచుకొచ్చింది. "మన ఫొటోలు మన ఇంట్లోనే ఉండాలి" అని మా ఆవిడకు, బావగారికి, ఆఖరికి ఇంటర్నెట్ కేబుల్ లాగడానికొచ్చిన కుర్రాడికి కూడా ఉపన్యాసం ఇచ్చాను. రెండు హార్డ్ డిస్కులు పట్టే న్యాస్ డబ్బా ఒకటి కొని రౌటర్ పక్కన పెట్టాను. ఇంట్లో ఏ ఫోన్లోంచైనా, టీవీలోంచైనా వైఫై మీద అందులోని ఫొటోలు చూడొచ్చు. రెండు డిస్కుల్నీ రెయిడ్ 1లో కలిపాను. ఒకదాంట్లో పడ్డదల్లా అదే క్షణంలో రెండోదాంట్లోనూ పడుతుంది, ఒకటి చచ్చినా రెండోది ఉంటుంది. ప్రళయమొచ్చినా మన ఫొటోలకు ఢోకా లేదని చెప్పాను. నమ్మే చెప్పాను.

సంక్రాంతికి అక్కావాళ్లొస్తే, స్కాన్ చేయించిన అమ్మానాన్నల పెళ్లి ఫొటోలు టీవీలో వేశాను. బావగారు "భలే పెట్టావోయ్" అన్నారు. ఆ ఒక్క ముక్క చాలు, మనిషి చెడిపోవడానికి.

ఆయన మళ్లీ వచ్చేలోగా అన్నీ ఒకే ఫోల్డర్లోకి చేర్చాలని పట్టుబట్టాను. నా పాత కెనాన్ కెమెరావి, మా ఆవిడ ఐఫోన్‌వి, అక్క ఐఫోన్‌వి. చోటు మిగులుతుందని కాపీ కూడా కాదు, కట్ చేసి పేస్ట్ చేస్తున్నాను. ఇదే పేరుతో ఫైళ్లు అక్కడ ఇదివరకే ఉన్నాయి, ఏం చేయమంటావని కంప్యూటర్ అడిగింది. పేరొకటే అయితే ఫొటో ఒకటే కదా, రెండోసారి ఎక్కించి ఉంటాను అనుకుని, అన్నిటికీ కలిపి రీప్లేస్ నొక్కి, ఆకుపచ్చ గీత పరుగెత్తుతుంటే చూసి ఆనందిస్తూ, వంటింట్లోకెళ్లి కాఫీ తెచ్చుకుని తాగుతూ కూర్చున్నాను.

ఆ సాయంత్రమే అమ్మ అడిగింది. "అమ్మమ్మ గారెలు వేస్తున్న ఫొటో ఒకసారి పెట్టరా." పెట్టాను. టీవీ నిండా బావగారి కారు నంబరు ప్లేటు.

ఆ కెమెరా, ఆ ఫోన్లూ ఫొటోకి ఐఎంజీ అని పెట్టి పక్కన నాలుగంకెలు తగిలిస్తాయి. 9999 అయ్యాక మళ్లీ 0001 నుంచి మొదలు. మూడు చోట్ల మూడు వేరే ఫొటోలకు ఒకే పేరుండటం వింతేమీ కాదు, ఉండి తీరుతుంది. నేను ఒక్క ఫొటో అయినా తెరిచి చూడలేదు. రెండో డిస్కు తీశాను. దాంట్లోనూ కారే. నేను చెరిపింది అదీ అదే క్షణంలో చెరిపింది, దాని పని అదే మరి. డిస్కు పాడైతే రెయిడ్ కాపాడుతుంది, యజమాని చేతి నుంచి కాపాడదు. నెట్‌వర్క్ ఫోల్డర్లో పోయింది ల్యాప్‌టాప్ రీసైకిల్ బిన్‌లోకి రాదు. పాత స్థితికి వెనక్కి తీసుకెళ్లే స్నాప్‌షాట్ ఏర్పాటు ఆ డబ్బాలో ఉంది కానీ, చోటు తింటుందని నేనే ఆపేశాను.

అమ్మ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

గారెల ఫొటో చివరికి అక్క పిన్నికి ఎప్పుడో పంపిన వాట్సాప్‌లో దొరికింది. నేను కాపాడింది కాదు, వాళ్లు పంచుకున్నది. వాట్సాప్ సైజు కుదించేస్తుంది, ఎప్పుడు తీశారన్న వివరమూ ఉంచదు. ఆ లోటు అమ్మా అక్కా పూడ్చారు. ఫోన్ ముందు పెట్టుకుని ఇద్దరూ వాదించుకున్నారు. "ఆ చీర మీ నాన్న షష్టిపూర్తికి మనం పెట్టింది, అంతకు ముందుది కాదు." "మరి గోడకి పాత సున్నమే ఉందిగా, ఇల్లు బాగుచేయించకముందే." అలా చీరకీ సున్నానికీ మధ్య ఏడాది తేల్చారు. ఆ మాటలు వింటూ కూర్చుంటే తెలిసింది, నేను డబ్బాలో పోగేసింది ఫైళ్లని, ఫొటోలు వాళ్ల దగ్గరున్నాయని.

ఇప్పుడు ఫైళ్లకు తీసిన తేదీ, సమయం పేర్లుగా పెట్టాకే కలుపుతున్నాను. స్నాప్‌షాట్ ఆన్‌లో ఉంది. అన్నిటి నకలూ ఉన్న డిస్కు ఒకటి విజయవాడలో అక్క బీరువాలో ఉంటుంది. పాస్‌వర్డ్ మా ఆవిడ పాల లెక్కల పుస్తకంలో రాసుకుంది.

గారెల ఫొటో ఫ్రేము కట్టించడానికి అమ్మ పెద్ద సైజు అడిగింది. 4x6 దాటితే చెదిరిపోతుందని స్టూడియో అబ్బాయి అన్నాడు. అదే చాలంది అమ్మ. రెండు ప్రింట్లు తీయించమంది, ఒకటి అక్కకి.