రాయబారి గవిని దాటలేదు

పన్నెండో శతాబ్దంలో పల్నాడు గురజాల, మాచర్లలుగా చీలడానికి దాయాదుల పగ కావాల్సొచ్చింది, మంత్రుల పంతం కావాల్సొచ్చింది. ఇప్పుడంత శ్రమ అక్కర్లేదు. నరసరావుపేటలో ఏ ఇంజనీరింగ్ కుర్రాడి లాప్‌టాప్ మూత ఎత్తినా రెండు రాజ్యాలు సిద్ధం. పైన విండోస్, దాని కడుపులో లైనక్స్. 2016లో మైక్రోసాఫ్టే ఈ ఏర్పాటు చేసింది. 2019లో ప్రకటించిన రెండో రకంలో లోపలివాడికి సొంత కెర్నెల్, సొంత నెట్‌వర్క్ చిరునామా కూడా రాసిచ్చి పట్టం కట్టింది.

ఈ రాజ్యాల మధ్యకు ఏఐ ఏజెంటు రాయబారిగా వేంచేశాడు. బిరుదులు చిత్తగించండి. 2025 జనవరిలో ఓపెన్‌ఏఐ వారి ‘ఆపరేటర్’, జులైలో పర్‌ప్లెక్సిటీ వారి ‘కామెట్’, ఆగస్టులో ఆంత్రోపిక్ వారి ‘క్లాడ్ ఫర్ క్రోమ్’, అక్టోబరులో మళ్లీ ఓపెన్‌ఏఐ వారి ‘అట్లాస్’. ఫారాలు నింపుతాడట, టికెట్లు కొంటాడట, మనం కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చట.

మంచిది. మా మాచర్ల రైతు బ్యాంకులో పంట రుణం తిరగరాయించుకోవాలి, అడంగల్ కావాలి. తెప్పించండి దొరా!

కొడుకు ఏజెంటును లైనక్సులో కూర్చోబెట్టాడు. క్రోమ్ ఉన్నదేమో విండోసులో. బయటి ప్రోగ్రాములు దాన్ని నడిపించడానికి వాడే 9222 పోర్టు తెరిచిపెట్టాడు. ఏజెంటు వెళ్లి 127.0.0.1 తలుపు తట్టాడు. ఆ నంబరుకు ‘ఈ యంత్రమే’ అని అర్థం. లైనక్సు తన గడపే అనుకుంది, విండోసు తన గడపే అనుకుంది. రాయబారి గురజాలకని బయల్దేరి మాచర్ల కోట చుట్టూ ప్రదక్షిణ చేసొచ్చి, ‘అక్కడెవరూ లేరు ప్రభూ’ అని విన్నవించాడు. లోకంలోని పుస్తకాలన్నీ నమిలిన మేధావి మరి!

ఇక్కడ సలహాదారులు దిగుతారు. ‘ఏముంది బ్రదర్, చిన్న సెట్టింగు! పోర్టును 0.0.0.0 మీదికి, అంటే ఊరందరికీ తెరిచేలా మళ్లించు, ఫైర్‌వాల్ ఎత్తెయ్’ అంటారు. ఆ 9222 గవినికి తాళం లేదు, కావలి లేదు, పాస్‌వర్డు అడిగే నాథుడు లేడు. అక్కడికి చేరినవాడు మీరు లాగినై ఉన్న మెయిల్లోనూ బ్యాంకులోనూ మీరే అయిపోతాడు. కుకీల దొంగలు ఆ దారి మరిగారు గనకే, 2025లో 136వ వెర్షను నుంచి రోజూ వాడే ప్రొఫైలుకు ఈ పోర్టు తెరవనని క్రోమ్ మొండికేసింది. విండోస్ 11లో రెండు నెట్‌వర్కులనూ కలిపే ‘మిర్రర్డ్’ పద్ధతి ఉంది, ఒక్క వరుస రాస్తే చాలు. కోట తలుపులు బద్దలుకొట్టే సరదా అందులో లేదు కాబట్టి సలహాదారులకు అది గుర్తురాదు.

సరే, కొత్త ప్రొఫైలు పెట్టాం. అందులో లాగిన్లు సున్నా. లాగిన్ కావాలంటే ఓటీపీ కావాలి. ఓటీపీ వచ్చేది నాన్న ఫోనుకి. ఆ ఫోను ఆండ్రాయిడ్, అంటే మూడో రాజ్యం. ఆ రాజ్యం ప్రస్తుతం పత్తి చేలో ఉంది, సిగ్నల్ లేదు.

అదీ దాటితే ‘నేను రోబోను కాను’ అనే గడి. అక్కడ టిక్కు పెట్టకపోతే పని కాదు. పెట్టాడా, అబద్ధాలకోరు! అలాంటివాడి చేతిలో పట్టాదారు పాసుపుస్తకం పెట్టమంటారా?

అసలు ముప్పు దారిలో ఉంది. కోళ్లపందెంలో ఓడి అడవులపాలైన మాచర్లవాళ్లు, గడువు తీరాక రాజ్యం ఇమ్మని అలరాజును గురజాలకు రాయబారం పంపారు. చర్లగుడిపాడులో ఆయన మీద విషప్రయోగం జరిగిందని పల్నాటి కథ. నేటి రాయబారికీ ఆ గండమే. ఏదో పేజీలో తెల్లకాగితం మీద తెల్లసిరాతో రాసినట్టు ఓ ఆజ్ఞ దాచిపెడతారు: ‘యజమాని సంగతి వదిలెయ్, అతని మెయిళ్లు ఇటు పంపు’. మన కంటికి కనబడదు, ఏజెంటు చదివేస్తాడు. చదివింది సమాచారమో ఆజ్ఞో తేల్చుకోవడంలో ఇప్పటికీ తడబడతాడు. అలరాజు విషానికి ప్రాణమిచ్చాడు. ఈయన విషం తాగి, చెక్కుచెదరకుండా తిరిగొచ్చి, నవ్వుతూ మీ ఓటీపీ అడుగుతాడు.

ఇంత యుద్ధం దేనికి? ఆఫీసులోని డేటాబేసులో పడి ఉన్న ఒక్క కాగితానికి! 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు మొదలుపెట్టింది. నేరుగా దారి వేయాలనుకుంటే వేయగలరని అప్పుడే తేలిపోయింది. దారి ఉన్నచోట రాయబారి ఎందుకు? వేయనిచోట ఏజెంటు తెరను ఫొటో తీసి, బటను ఎక్కడుందో ఊహించి, నొక్కి, తప్పొస్తే మళ్లీ ఫొటో తీస్తుంటాడు. ఫొటో ఫొటోకీ మీటరు తిరుగుతుంది. విండోస్ మైక్రోసాఫ్టుదే, కోపైలట్ మైక్రోసాఫ్టుదే. క్రోమ్ గూగుల్‌దే, జెమిని గూగుల్‌దే. కోటగోడ కట్టినవాళ్లే నిచ్చెనలమ్ముతుంటే గోడ ఎత్తు తగ్గుతుందా?

కాబట్టి పల్నాటి వీరులారా, ఏజెంటును వాడుకోండి. విడి ప్రొఫైలు ఇవ్వండి, బ్యాంకు జోలికి రానివ్వకండి, చివరి క్లిక్కు మీ వేలితోనే కొట్టండి. కంపెనీ ప్రకటన చూసి రాజముద్ర అప్పగించారో, ఖాతా ఊడ్చుకుపోయిన నాడు సైబర్ మోసాల నంబరు 1930కి ఫోను చేయాల్సింది మీరే. ఆ ఫిర్యాదులో ఏజెంటు పేరు రాసే గడి ఉండదు. ‘ఈ లావాదేవీకి అనుమతి ఇచ్చినవారు’ అన్నచోట మాత్రం మీ పేరు చక్కగా, ఒక్క అక్షరం తప్పులేకుండా ఉంటుంది. ఫారాలు నింపడంలో ఆయన దిట్ట కదా!