కారు లోపల మెరుపు వద్దు

మీ కారు లోపలి భాగం పదికాలాలు బాగుండాలంటే, ముందు దాన్ని మెరిపించడం మానేయండి. వాటర్ సర్వీసింగ్ పూర్తయ్యాక కుర్రాడు చిన్న స్పంజి పట్టుకొచ్చి "డ్యాష్‌బోర్డు పాలిష్ కొట్టమంటారా సార్?" అని అడుగుతాడు. వద్దనండి. ఊరికే కొడతానన్నా వద్దనే చెప్పండి. ఆ స్పంజిలో ఉండేది చాలావరకు సిలికాన్ నూనె. దానివల్ల ప్లాస్టిక్‌కు బలమేమీ రాదు, పైన జిడ్డు పొర పరుచుకుంటుందంతే. రెండు రోజుల్లో ఆ జిడ్డు దుమ్మునంతా పట్టేస్తుంది. దుమ్ము సంగతి అలా ఉంచండి, మిట్టమధ్యాహ్నం మెరిసే డ్యాష్‌బోర్డు ముందు అద్దంలో ప్రతిబింబించి, ఎదురుగా ఉన్న గొయ్యినీ అడ్డొచ్చే గేదెనూ తెల్లటి తెర వెనక దాచేస్తుంది. కంపెనీవాళ్లు డ్యాష్‌బోర్డును మెరుపు లేకుండా, కాస్త గరుకుగా చేసింది డ్రైవరు కళ్ల కోసం. డబ్బిచ్చి మరీ ఆ మేలు చెరుపుకోవడం ఎందుకు? స్టీరింగ్‌కు, పెడళ్లకు ఈ పాలిష్ తగిలితే మరీ ప్రమాదం, చెయ్యి జారుతుంది, కాలూ జారుతుంది.

ఇక్కడ చెప్పేవి చాలామందికి తలకిందుల సలహాల్లా అనిపించవచ్చు. అయినా చెప్పక తప్పదు. మనం ఏమీ చేయకపోవడం వల్ల పాడయ్యే కార్లకన్నా, ప్రేమకొద్దీ ఏవేవో పూసి పాడుచేసుకునే కార్లే ఎక్కువ.

సీట్లకు నూనె రాయకండి. కొబ్బరినూనె, ఆముదం, ఆలివ్ నూనె, ఏదీ వద్దు. తోలుకు నూనె పట్టించాలన్న ఆలోచన మనకు ఊరికే రాలేదు. ఒకప్పుడు మన దక్షిణాదిలో తోళ్లను తంగేడు చెక్కతో పదును చేసేవారు. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు ఉందే, ఆ చెట్టు చెక్కే. అలా తయారైన తోలు మీద వేరే పూత ఉండదు. దాంతో కుట్టిన కిర్రుచెప్పులకు ఆముదం పట్టిస్తే, తాగినంత తాగి మెత్తబడేవి. మన తాతలు చేసింది సరైన పనే. కారు సీటు తోలు ఆ బాపతు కాదు. దాన్ని తరచుగా క్రోమియం లవణాలతో పదును చేసి, పైన రంగు వేసి, ఆ రంగు మీద పాలీయురెథేన్ పూత పూస్తారు. మీరు కూర్చునేది, తుడిచేది ఆ పూతనే. మీరు రాసిన నూనె లోపలికి దాదాపు దిగదు. పైనే ఉండి దుమ్మును పట్టి, మీరు కూర్చున్నప్పుడల్లా ఆ దుమ్ముతోనే పూతను గీకుతుంది. కొబ్బరినూనె అయితే కొన్నాళ్లకు కంపు కొడుతుంది, తెల్ల పంచెకు అంటుకుంటుంది. డబ్బాల్లో అమ్మే కండిషనర్ల మీద కూడా నాకు పెద్దగా నమ్మకం లేదు. పూత ఉన్న తోలుకు వాటితో పెద్దగా ఒరిగేది లేదు.

మీ సీటు ఏ రకమో తేల్చుకోవడం సులువు. సీటు కింది అంచున, ఎవరి కంటా పడని చోట ఒక్క నీటి బొట్టు వేసి చూడండి. పూసలా నిలబడితే పూత ఉన్నట్టు. లోపలికి ఇంకి ఆ చోటు నల్లబడితే పూత లేని తోలు. అలాంటిది చాలా ఖరీదైన కార్లలో తప్ప కనిపించదు, దానికి మాత్రం నిజంగానే ప్రత్యేక సంరక్షణ కావాలి. ఇంకో మాట. మన రోడ్ల మీద తిరిగే కార్లలో తోలులా కనిపించే సీట్లలో ఎక్కువ భాగం అసలు తోలే కాదు, గుడ్డ మీద పీవీసీనో పాలీయురెథేనో పూసిన లెదరెట్. జంతువు చర్మమే కానిదానికి చర్మ పోషణ ఏమిటి?

మరేం చేయాలి? దాదాపు పొడిగా పిండిన మెత్తటి గుడ్డతో తుడవండి. పాత నూలు పంచె ముక్క అయినా సరే, మైక్రోఫైబర్ అయినా సరే. ముందు వాక్యూమ్‌తోనో మెత్తటి బ్రష్‌తోనో ఇసుక తీయండి, ఎందుకంటే ఇసుక మీద తడిగుడ్డ రుద్దితే గరుకు కాగితంతో రుద్దినట్టే. జిడ్డు ఉంటే మగ్గు నీళ్లలో పసిపిల్లల షాంపూ నాలుగు చుక్కలు వేయండి. తుడిచాక ఉత్త నీటి గుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో మరోసారి తుడిస్తే పని అయిపోయినట్టే. చిల్లులున్న సీట్ల మీద, ముఖ్యంగా లోపల ఫ్యాను ఉండి గాలి వచ్చే సీట్ల మీద ఏదీ నేరుగా స్ప్రే చేయకండి. స్ప్రే నురగ చిల్లుల్లోకి దిగి గట్టిపడితే తీయడం ఎవరి తరమూ కాదు. మెరిసే నల్ల ప్లాస్టిక్‌నూ టచ్ స్క్రీన్‌నూ ముట్టేటప్పుడు మరీ సుతారంగా ఉండాలి. గీత పడితే పోదు. అమోనియా ఉన్న గ్లాసు క్లీనర్లు స్క్రీన్ మీది పూతను తినేస్తాయి. టూత్‌పేస్టు, నిమ్మచెక్క, వెనిగర్, తెల్లటి మ్యాజిక్ స్పంజి, వీటిలో ఒక్కటీ కారు లోపలికి రానివ్వకండి. పాత స్టిక్కర్ జిగురు వదిలించడానికి పెట్రోలు అసలు వద్దు. ప్లాస్టిక్ కరుగుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో మెల్లగా వెచ్చచేసి వేలితో లాగితే చాలు.

కొత్త కారు ఇంటికి రాగానే పూజ చేస్తాం. స్టీరింగ్‌కు పసుపు, డ్యాష్‌బోర్డుకు కుంకుమ, బీజ్ రంగు సీట్ల మీద అక్షింతలు. చేయాల్సిందే, వద్దనడం లేదు. మరకలు చూసి కంగారుపడి సబ్బు మాత్రం పట్టుకోకండి. బట్టల సబ్బుకు క్షారగుణం ఉంటుంది. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, పసుపుకు సున్నం కలిపితే పారాణి అయ్యేది అందుకే. లేత రంగు సీటు మీద పసుపు మరకను సబ్బుతో రుద్దితే ఎర్ర మరక తేలి గుండె గుభేలుమంటుంది. పొడిగా ఉండగానే బ్రష్‌తో దులిపేయండి. తడి తగలనివ్వకండి, కుంకుమకు మరీను. దులిపాక కూడా పసుపు ఛాయ మిగిలితే కారును నాలుగు రోజులు ఎండలో పెట్టండి. పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ వెలుతురుకు విరిగిపోతుంది, మరక దానంతటదే పాలిపోతుంది. మీ కారును మీరే ఎండలో పెట్టమని నేను చెప్పే సందర్భం ఇదొక్కటే.

మిగతా ఏడాదంతా ఎండే అసలు శత్రువు. 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు వేసవి ఎండలో గంటసేపు నిలిపిన కార్లను పరీక్షిస్తే, డ్యాష్‌బోర్డులు సగటున 69 డిగ్రీల సెల్సియస్‌కు, స్టీరింగులు 53 డిగ్రీలకు చేరాయి. రెంటచింతల, రామగుండం వేసవి అంతకేం తీసిపోదు. ఆ వేడికి ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచే పదార్థాలు ఆవిరై ముందు అద్దం లోపలి వైపు సన్నటి జిడ్డు పొరగా పేరుకుంటాయి. అవి పోయేకొద్దీ ప్లాస్టిక్ పెళుసెక్కి పగులుతుంది. చాలామంది మురిసిపోయే కొత్త కారు వాసనలో కూడా ఇలాంటి ఆవిర్లు ఉంటాయి. దాన్ని దాచుకోకండి, అద్దాలు దించి పోనివ్వండి. అద్దం మీది జిడ్డును నెలకోసారైనా తుడవండి, రాత్రిపూట ఎదురు లైట్లు చెదిరి కళ్లలో కొట్టేది దానివల్లే. పాలిష్ డబ్బాకు పెట్టే డబ్బుతో ముందు అద్దానికి ఒక సన్‌షేడ్ కొనండి. అది చేసే మేలు ఏ సీసాలోనూ లేదు. పక్క అద్దాల గుండా అతినీలలోహిత కిరణాలు ముందు అద్దం కంటే ఎక్కువగా వస్తాయి కాబట్టి తలుపుల వైపు నీడ కూడా చూసుకోండి.

శానిటైజర్ చేతికి రాసుకున్నాక ఆరేదాకా స్టీరింగ్ పట్టుకోకండి. ఆల్కహాలు పూతను మెల్లగా ఊడదీస్తుంది. కోవిడ్ ఏళ్లలో ఇలా పాలిపోయిన స్టీరింగులు ఎన్నో. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు మెత్తటి రబ్బరు పూత ఉన్న బటన్లు కొన్నేళ్లకు బంకబంకగా మారితే, అది మీ తప్పు కాదు. గాలిలోని తేమకు ఆ పూత లోలోపల విడిపోతోంది. తుడిచేకొద్దీ ఇంకా బంక సాగుతుంది, ఆ ముక్క మార్పించుకోవడమే మేలు.

డ్రైవరు సీటు మీద పడే సన్నటి ముడతల్ని పోగొట్టాలని చూడకండి. మనిషి కూర్చుంటే తోలు ముడతపడుతుంది. గరుకు జీన్స్‌తో పక్క దిండు మీదుగా ఈడ్చుకుంటూ దిగడం మానేస్తే చాలు.

ఇక సీటు కవర్లు. ఖరీదైన సీట్లను కాపాడాలని మందపాటి కవర్లు తొడుగుతారు. మీ కారులో సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉంటే, అది ఆ పక్క కుట్టును చీల్చుకునే బయటికి రావాలి. మామూలు కవరు దానికి అడ్డం. కవరు కావాల్సిందే అంటే ఎయిర్‌బ్యాగ్ కోసం ఆ వైపు ప్రత్యేకంగా కుట్టినదే తీసుకోండి. డ్యాష్‌బోర్డు మీద వెంకటేశ్వరస్వామిని పెట్టుకునేవారు కూడా ఎడమవైపు ఎయిర్‌బ్యాగ్ మూత మీద కాకుండా మధ్యలో పెట్టండి. అది తెరుచుకుంటే పైనున్న వస్తువును ఎవరి ముఖం మీదికైనా విసిరేస్తుంది. షోరూం నుంచి వచ్చిన పాలిథీన్ కవర్లు నెలలతరబడి సీట్ల మీదే ఉంచేవాళ్లు చాలామంది. వానాకాలంలో వాటి కింద చెమటా తేమా చేరి బూజు పడుతుంది. కారు వచ్చిన రోజే, కొబ్బరికాయ కొట్టిన వెంటనే, వాటిని చించి పారేయండి.