బాసుగారి వంశవృక్షం

బాసుగారి పుట్టిల్లు హాలెండు. డచ్చి భాషలో 'బాస్' అంటే యజమాని. న్యూయార్కు ఇంకా న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌గా ఉన్న కాలంలో, అంటే 1664కు ముందు, ఆ డచ్చివాళ్ల వెంట అమెరికా చేరాడు. అక్కడ ఆయన దశ తిరిగిన తీరే వింత. కొలువిచ్చినవాణ్ని 'మాస్టర్' అనడం తెల్ల కూలీలకు నామోషీ. అది బానిసలు అనే మాట కదా! అందుకని 'బాస్' అన్నారు. రెంటికీ అర్థం ఒకటేనని నవలాకారుడు ఫెనిమోర్ కూపర్ 1838లోనే దెప్పాడు. ఎవరు విన్నారు? కూలీ కూలీగానే ఉన్నాడు, అతని పౌరుషం మాత్రం డచ్చిలోకి మారింది.

పిలుపు మార్చే ఈ విద్యలో మనం వాళ్లకు పాఠాలు చెప్పగలం. తెలంగాణలోని ఆత్మకూర్‌నే చూడండి. ఒకప్పుడు అమరచింత సంస్థానానికి రాజధాని. ఆ కాలంలో పిలుపు విషయంలో తర్జనభర్జన లేదు. 'నీ బాంచెన్ దొరా, కాల్మొక్త' అంటే నోరూ నడుమూ ఒకేసారి వంగేవి. 1949లో జాగీర్లు, వాటితోపాటు సంస్థానాలూ పోయాయి. పటేలు, పట్వారీ మిగిలారు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం వాళ్లనూ పీకేసింది, 'సార్' దిగాడు. 2020లో ఆ సార్ల వీఆర్వో వ్యవస్థా రద్దయింది. హమ్మయ్య, ఇక నెత్తిన ఎవరూ లేరనుకునేలోగా 'అన్న' వచ్చాడు.

ఈ ఊరి అన్న అనే కాదు, ఏ ఊరి అన్నైనా సరే. దొరకు మనం మొక్కాలి; అన్ననే మనకు మొక్కుతాడు, ఫ్లెక్సీలో, కరెంటు స్తంభమంత ఎత్తున. ఎంత వినయం! పని పడితే మాత్రం పొద్దున్నే ఆయన గేటు దగ్గర నిలబడాలి. చెప్పులు విడవమని ఎవరూ అనరు, పనిమీద వచ్చిన పెద్దాయన అలవాటుగా విడుస్తాడు. "అన్న ఇంక లేవలే, జర ఆగు పెద్దాయనా" అంటాడు లోపలి పిలగాడు. వాడికి చాయ్ తెచ్చినవాడు "ఇంద బాస్" అని గ్లాసు అందిస్తాడు. ఎంత సమానత్వం!

కూతురి పెళ్లికి కల్యాణలక్ష్మి చెక్కు వచ్చిననాడు పెద్దాయన్ని స్టేజీ మీదికి పిలుస్తారు. 1,00,116 రూపాయలు, సర్కారు సొమ్ము. ఒక చివర ఆయన పట్టుకుంటాడు. ఫొటో సరిగా వచ్చిందని తేలేదాకా రెండో చివర అన్న వదలడు.