లెక్క తప్పని ఖైదీ

1973 నవంబరు 9. టెక్సాస్ జైల్లో ఖైదీలు లారీలోంచి పత్తి బేళ్లు దించుతుంటే ఒకటి జారి గాంబుల్ అనే ఖైదీ మీద పడింది. అయినా ఇంకో నాలుగు గంటలు పని చేశాడు. ఆ తర్వాత ఒళ్లు బిగుసుకుపోయింది.

నడుం పట్టేసిందన్నారు, నొప్పి బిళ్లలిచ్చారు. ఇతన్ని కింది మంచానికి మార్చండని డాక్టరు చెబితే జైలువాళ్లు మార్చలేదు. నెల తిరక్కుండానే తేలిక పని చేయొచ్చని డాక్టరే తేల్చేశాడు. నొప్పి మొదటిరోజు ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంది మొర్రో అన్నాడు గాంబుల్. పనికి పోనన్నందుకు విడిగా పెట్టారు. బీపీ మందు చీటీ సిబ్బంది పారేసుకుంటే నాలుగు రోజులు మందే లేదు. చివరికి ఒంటరి కొట్లో వేశారు. అక్కడ గుండెలో నొప్పి, కళ్లు తిరగడం. ఒకసారి ఆస్పత్రికి తీసుకెళ్లారు. నొప్పి మళ్లీ వస్తే మాత్రం కాపలావాళ్లు రెండు రోజులు డాక్టరు దగ్గరికి పోనివ్వలేదు.

లాయరు లేడు. 1974 ఫిబ్రవరిలో తనే కలం పట్టి జైలు అధికారుల మీద, జైలు ప్రధాన డాక్టరు మీద పౌరహక్కుల దావా రాసుకున్నాడు. ఏ రోజు ఎవరు చూశారు, ఏం మందిచ్చారు, ఎవరు పొమ్మన్నారు, అన్నీ పూసగుచ్చినట్టు. కింది కోర్టు దావాను కొట్టేసింది, అప్పీలు కోర్టు దాన్ని తిరిగి నిలబెట్టింది, అది సుప్రీంకోర్టుకెక్కింది.

1976 నవంబరు 30న జస్టిస్ థర్గుడ్ మార్షల్ తీర్పు రాశారు. బయటివాడికి ఈ ఆస్పత్రి కాకపోతే ఇంకోటి. ఖైదీకి జైలు డాక్టరే దిక్కు. కాబట్టి అతని తీవ్రమైన జబ్బును తెలిసి తెలిసీ పట్టించుకోకపోవడం రాజ్యాంగం నిషేధించిన క్రూరశిక్షే అవుతుందన్నారు. వైద్యం అందలేదని అమెరికాలో ఖైదీలు కోర్టుకెక్కితే ఇవాళ్టికీ సాధారణంగా ఆధారంగా చూపేది ఈ కేసునే.

మరి గాంబుల్? జైలు అధికారుల సంగతి మళ్లీ చూడమని అప్పీలు కోర్టుకు పంపారు. ప్రధాన డాక్టరు మీద దావా మాత్రం చెల్లదన్నారు. నడుముకి ఒక్క ఎక్స్‌రే అయినా తీయలేదు కదా అంటే, తీయాలా వద్దా అన్నది వైద్యుడి విచక్షణ, మహా అయితే వైద్యంలో పొరపాటు అన్నారు. పైగా మూడు నెలల్లో వైద్య సిబ్బంది ఇతన్ని 17 సార్లు చూశారు, దాన్ని నిర్లక్ష్యం అనలేమన్నారు.

ఆ 17 ఎక్కడ దొరికిందంటే, గాంబుల్ స్వదస్తూరీతో రాసిచ్చిన ఫిర్యాదులో.