తాటిచెట్టుకు కట్టిన చెవి

నేను అరచేతిలో ఇమిడే సౌండ్ రికార్డర్‌ని. పేరు ఆడియోమాత్. ఒంట్లో మూడు పెన్సిల్ బ్యాటరీలు, ఒక మెమరీ కార్డు, మిరియం గింజంత మైకు. చీపురుపల్లి అవతల మెట్ట పొలాల్లో ఒక పరిశోధక విద్యార్థిని నన్ను తాటిచెట్టుకు కట్టింది. కోతలైన చేలో ఎరువు కోసం గొర్రెల మంద కట్టారు. రెండు రాత్రుల్లో నాలుగు పిల్లలు పోయాయి.

"ఇదేటి ఇంటాదమ్మా?" అన్నాడు కాపరి తాత.

"రాత్రి ఏది అరిసినా దాసుకుంటాది తాతా."

"ఇంకేటి అరుస్తాది? తోడేలే. నా సిన్నతనంలో కొండ మీంచి ఊళేసీది. మా అయ్య కర్రట్టుకుని మంద సుట్టూ తిరిగీవోడు."

తోడేలు ఊళ ఆరు కిలోమీటర్లు దాటి వినిపిస్తుంది. మనిషికి మనిషి గొంతులా, తోడేలుకు తోడేలు గొంతు వేరు. డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ పరిశోధకులు 2021లో దీన్నే పట్టుకున్నారు. అయిదు తోడేళ్ల 49 ఊళలు నేర్పితే, ఏది ఎవరిదో కంప్యూటరు 98 శాతం సరిగ్గా చెప్పింది. ఎన్నడూ వినని మరో నాలుగు తోడేళ్ల 20 ఊళలిస్తే 75 శాతం చెప్పింది. మత్తుసూది లేదు, మెడకు పట్టీ లేదు. ఒకదాన్నే రెండుసార్లు లెక్కపెట్టే పొరపాటూ తగ్గుతుంది. అమెరికాలో ఎల్లోస్టోన్ అడవిలోనూ నాలాంటి రికార్డర్లు తోడేళ్ల కోసం చెవులు రిక్కించి ఉన్నాయి. మన దేశంలో తోడేళ్లు సుమారు 3,100 ఉంటాయని అంచనా. పులులు 2022 లెక్కలో 3,682. అంత అరుదైన జంతువు మీద నింద వేసే ముందు వినాలి కదా!

అయిదో రోజు నన్ను విప్పి, కార్డు లాప్‌టాప్‌లో పెట్టారు. తాత పక్కనే గొంతుక్కూర్చున్నాడు. తెర మీద చప్పుడంతా బొమ్మయింది. కుక్క మొరుగు పొట్టి నిలువు గీతలు. నక్కల కూత పైపైకి ఎగబాకే మెలికలు. తోడేలు ఊళ అయితే కిందుగా, బారుగా సాగుతుంది. దాని మీద చీర అంచుల్లా మరికొన్ని గీతలు వరసగా లేస్తాయి. కంప్యూటరు ఒకచోట "తోడేలు" అని రాసింది. ఆ పిల్ల ఇయర్‌ఫోన్ పెట్టుకుని మళ్లీ మళ్లీ విన్నది. విజయనగరం వైపు పోయే రైలు కూత అది. మనిషి చెవి సరిచూడనిదే నా సాక్ష్యం చెల్లదు.

మూడో రాత్రి రెండు దాటాక మంద ఒక్కసారిగా బెదిరిన చప్పుడుంది. దాని వెనకే నిలువు గీతలు, గుంపులు గుంపులుగా. తోడేలు గొంతు ఆ రాత్రుల్లో ఎక్కడా లేదు.

"ఊరకుక్కలేటమ్మా?" అన్నాడు తాత. చాలాసేపు తెరనే చూశాడు. "మరి మా అయ్య కొట్టి సంపినవి?"

ఆ పిల్ల జవాబు చెప్పలేదు. అప్పటి రాత్రుల్ని విన్నవాళ్లెవరూ లేరు.

తోడేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులితో పాటు మొదటి షెడ్యూల్‌లో ఉంది. మీ ఊళ్లో పెద్దవాళ్లెవరైనా తోడేలు ఊళ విని ఉంటే, ఏ కొండ మీద, ఏ కాలంలో విన్నారో అడిగి రాసిపెట్టండి. నన్ను ఏ చెట్టుకు కట్టాలో వాళ్లకే తెలుసు.